తెరుచుకోని గ్నూక్యాష్ ఫైలు: బాగుచేసుకోవాలా, వేరే సాఫ్ట్‌వేర్‌కు మారాలా?

అనంతపురం నుంచి రాసిన లెక్చరర్ గారికి నమస్కారం.

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇది. 2013 నుంచి ఇంటి జమాఖర్చులు గ్నూక్యాష్ అనే ఉచిత లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నారు. ఇంట్లో డెస్క్‌టాప్‌లోనూ, కాలేజీకి తీసుకెళ్లే ల్యాప్‌టాప్‌లోనూ వాడుకోవడానికి వీలుగా ఫైలును పెన్‌డ్రైవ్‌లోనే ఉంచుకున్నారు. మొన్న సాయంత్రం సేవ్ చేస్తుండగా కరెంటు పోయింది. తిరిగి వచ్చాక తెరిస్తే, ఫైలును పార్స్ చేయడంలో (చదివి విడదీసుకోవడంలో) లోపం వచ్చిందన్న సందేశం తప్ప మరేమీ రావడం లేదు. అదే ఫోల్డరులో పొడవాటి అంకెల పేర్లతో ఉన్న ఫైళ్లు చాలా కనిపిస్తే చెత్త అనుకుని కొన్నింటిని తీసేశారు. పాత ల్యాప్‌టాప్‌లో ఫిబ్రవరి నాటి కాపీ ఒకటి ఉంది. ఫైలు బాగవుతుందా అన్నది మీ మొదటి ప్రశ్న. ఎలాగూ ఇంత జరిగింది కనుక ఎక్సెల్‌కో ట్యాలీకో మారిపోవడం మంచిదా అన్నది రెండోది.

కర్నూలులో ఆడిటర్ల ఆఫీసులకూ దుకాణాలకూ లెక్కల ఫైళ్లు సరిచేసే పని చాలా కాలంగా చేస్తున్నవాడిగా చెబుతున్నాను: మీ లెక్కల్లో అధికభాగం తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉంది, దానికి ఆధారం మీరు చెత్త అనుకున్న ఆ ఫైళ్లే. అయితే ఫైలు తెరుచుకోవడం వేరు, లెక్క కుదరడం వేరు. తెరుచుకోగానే పని అయిపోయిందనుకుని అదే పుస్తకంలో కొత్త ఎంట్రీలు రాయడం మొదలుపెట్టినవారు, ఏడాది తర్వాత పాస్‌బుక్కుకూ పుస్తకానికీ పొంతన కుదరక, తేడా ఎక్కడ మొదలైందో తెలియక తల పట్టుకోవడం చాలాసార్లు చూశాను. అందుకే ఈ సమాధానంలో మరమ్మతు గురించి ఎంత చెబుతానో, ఆ తర్వాత సరిచూసుకోవడం గురించి కూడా అంతే చెబుతాను.

ముందుగా ఆ పెన్‌డ్రైవ్‌లో ఇక ఏమీ రాయకండి. దానిని కంప్యూటరుకు పెట్టగానే ‘డ్రైవ్‌లో సమస్య ఉంది, స్కాన్ చేసి సరిచేయమంటారా’ అని విండోస్ అడగవచ్చు, ఒక్కోసారి ‘వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని కూడా అడుగుతుంది. ఈ రెండింటికీ ఒప్పుకోవద్దు. స్కాన్ చేసే పని డ్రైవ్‌లోని ఫైళ్ల పట్టికను చక్కబెట్టడానికే గానీ మీ లెక్కలను కాపాడటానికి కాదు. ఎవరివో తెలియని ముక్కలు దొరికితే వాటిని ‘ఫౌండ్.000’ అనే దాచిన ఫోల్డరులో సీహెచ్‌కే అనే పొడిగింపుతో (పేరు చివర చుక్క తర్వాతి అక్షరాలతో) పడేసి ఊరుకుంటుంది. ఇప్పటికే ఆ బటన్ నొక్కి ఉంటే కంగారు పడనవసరం లేదు, దాచిన ఫైళ్లు కనిపించేలా సెట్టింగు మార్చి ఆ ఫోల్డరును కూడా కాపీ చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా, ఒక్క ఫైలు కూడా వదలకుండా, హార్డ్‌డిస్కులో ‘మూలం’ అనే ఫోల్డరులోకి కాపీ చేసి, దానినుంచి ‘పని’ అనే పేరుతో మరో కాపీ తీసుకోండి. ఇకపై చేసే ప్రతి ప్రయోగమూ ‘పని’ ఫోల్డరులోనే జరగాలి.

మీరు తీసేసిన ఫైళ్ల సంగతి: పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. కానీ వాటి స్థానంలో ఇంకేమీ రాయనంతవరకు ఆ సమాచారం డ్రైవ్‌లో మిగిలే ఉండవచ్చు, డ్రైవ్‌లో ఏమీ రాయవద్దని అన్నది ఇందుకే. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని వెలికితీయవచ్చు. వెలికితీసినవాటిని అదే పెన్‌డ్రైవ్‌లో కాక హార్డ్‌డిస్కులోనే భద్రపరచాలి. అవి అసలు పేర్లు లేకుండా వస్తాయి కాబట్టి ఒక్కొక్కటీ తెరిచి ఏది ఏ నాటిదో చూసుకోవాలి. ఓపిక కావలసిన పని, అందుకే చేతిలో ఉన్న ఫైళ్లతో పని జరగకపోతేనే దీని జోలికి వెళ్లమంటాను.

గ్నూక్యాష్‌ను తెరిచేముందు ఒక జాగ్రత్త ఉంది, దీనిని చాలామంది పట్టించుకోరు. ప్రిఫరెన్సెస్‌లో ‘జనరల్’ అనే చోట, లాగ్ ఫైళ్లనూ (రోజువారీ నమోదులను) బ్యాకప్ ఫైళ్లనూ ఎంతకాలం ఉంచాలో చెప్పే సెట్టింగు ఉంటుంది. మనం మార్చకపోతే అది 30 రోజులు. అంటే ఫైలును సేవ్ చేసినప్పుడల్లా, ఆ ఫోల్డరులో అదే పేరుతో మొదలయ్యే 30 రోజులు దాటిన బ్యాకప్‌లను సాఫ్ట్‌వేరే తుడిచేస్తుంది. మీరు ఏరి కూర్చిన పాత కాపీలున్న ఫోల్డరులోనే బాగైన ఫైలును సేవ్ చేశారనుకోండి, ఆ కాపీలు మీకు తెలియకుండానే మాయమవుతాయి. కనుక ఖాళీ పుస్తకం ఒకటి తెరిచి, ముందు ఆ సెట్టింగును ‘ఫరెవర్’ అని మార్చండి.

ఇక ఫైలుకు తగిలిన దెబ్బ ఏ రకానిదో చూడాలి. ‘ఫైలుకు లాక్ దొరకలేదు, మరొకరు వాడుతూ ఉండవచ్చు’ అన్న సందేశం వచ్చినా బెదరవద్దు. కరెంటు పోయినప్పుడు ఎల్‌సీకే పొడిగింపుతో ఉన్న చిన్న తాళం ఫైలు మిగిలిపోతుంది, ఆ సందేశం దానివల్ల వచ్చేదే. ‘పని’ ఫోల్డరులోని ఆ చిన్న ఫైలును తీసేస్తే సరి. అసలు ఫైలు పరిమాణం సున్నా బైట్లయితే దానిలో బాగుచేయడానికి ఏమీ లేదు. పరిమాణం సరిగానే ఉంటే నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. మొదటినుంచి చివరిదాకా ‘నల్’ అనే నల్లటి చీటీలే వరుసగా కనిపిస్తే, పట్టికలో చోటు కేటాయింపు జరిగిందే తప్ప అసలు సమాచారం డ్రైవ్‌లోకి చేరలేదని అర్థం. దానితో కుస్తీ పట్టడం వృథా, డబ్బులకు అమ్మే ఏ రిపేర్ సాఫ్ట్‌వేరూ సున్నాల్లోంచి లెక్కలను పుట్టించలేదు. అలా కాక పిచ్చి గుర్తులు కనిపిస్తే మాత్రం సంతోషించండి. గ్నూక్యాష్ తన ఫైలును మామూలుగా జీజిప్ పద్ధతిలో కుదించి దాచుతుంది, కాబట్టి చక్కగా ఉన్న ఫైలు కూడా నోట్‌ప్యాడ్‌లో అలాగే కనిపిస్తుంది. ఆ గుర్తులు చూసి ఫైలు పాడైందనుకుని పారేసినవారు ఉన్నారు.

మరమ్మతుకు దిగేముందు బ్యాకప్‌లు, లాగ్‌ల దారి చూడాలి. పదింట ఎనిమిది సందర్భాల్లో ఇక్కడితోనే పని ముగుస్తుందని నా అంచనా. అంకెల పేర్లతో ఉన్న ఆ ఫైళ్లలో గ్నూక్యాష్ పొడిగింపు ఉన్నవి బ్యాకప్‌లు, లాగ్ అనే పొడిగింపు ఉన్నవి రోజువారీ నమోదులు. పేరులోని 14 అంకెలు సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. 20250611184502 అని ఉంటే 2025 జూన్ 11 సాయంత్రం 6 గంటల 45 నిమిషాల 2 సెకన్లని చదువుకోవాలి. మీరు సేవ్ చేసిన ప్రతిసారీ అంతకుముందున్న ఫైలు ఇలా సమయం ముద్రతో పక్కకు చేరుతుంది. అంటే ఒక బ్యాకప్‌లో ఉన్నది దాని పేరులోని సమయం నాటి లెక్క కాదు, దానికి ముందు సేవ్ చేసిన నాటి లెక్క. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, లాగ్‌ను ఎంచుకునేటప్పుడు అవసరమవుతుంది.

అన్నిటికంటే కొత్త బ్యాకప్‌ను వేరే ఫోల్డరులోకి కాపీ చేసి, సులువైన పేరు పెట్టి తెరవండి. తెరుచుకోకపోతే దాని ముందుది, అదీ కాకపోతే దాని ముందుది. తెరుచుకున్నదానిలో చివరి ఎంట్రీ తేదీ చూసి కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు ఆ తేదీకీ కరెంటు పోయిన సాయంత్రానికీ మధ్య ఖాళీని లాగ్‌లతో నింపాలి. లాగ్ ఫైలు కుదించని మామూలు పాఠం, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చక్కగా చదవవచ్చు. ఒక్కో లావాదేవీ ‘స్టార్ట్’ అనే గీతతో మొదలై ‘ఎండ్’ అనే గీతతో ముగుస్తుంది. మధ్యలోని ప్రతి వరుస మొదట ఒక్క అక్షరం ఉంటుంది: మార్పు మొదలైతే బీ, ఖరారైతే సీ, తీసేస్తే డీ, వెనక్కి తీసుకుంటే ఆర్. ఆ తర్వాత గుర్తింపు సంఖ్యలు, తేదీలు, ఖాతా పేరు, మీరు రాసిన వివరణ, మొత్తం. ‘ఇంటి బాడుగ’ అని మీరు తెలుగులో రాసిన మాట కూడా అలాగే కనిపిస్తుంది. మొత్తాలు మాత్రం భిన్నాలుగా ఉంటాయి. 8,500 రూపాయల బాడుగ 850000/100 అని ఉంటుంది, ఎందుకంటే గ్నూక్యాష్ పైసల్లో లెక్కపెట్టి నూటితో భాగిస్తుంది. దశాంశాల్లో వచ్చే సర్దుబాటు తేడాలు లేకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

ఫైల్ మెనూలో ‘ఇంపోర్ట్’ కింద లాగ్ ఫైలును రీప్లే చేసే, అంటే అందులోని ఎంట్రీలను మళ్లీ పుస్తకంలో వేసే, అంశం ఉంటుంది. పైన చెప్పిన కారణంగా, బ్యాకప్ పేరులోని సమయం తర్వాతి లాగ్‌లతో మొదలుపెడితే ఒక విడత ఎంట్రీలు తప్పిపోతాయి. ఆ సమయానికి సరిగ్గా ముందున్న లాగ్‌తో మొదలుపెట్టి, వాటి సమయాల వరుసలో ఒక్కొక్కటీ రీప్లే చేయండి. ఒక లాగ్ అదనంగా కలిసినా పెద్ద నష్టం లేదు. ప్రతి లావాదేవీకీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది కనుక అదే ఎంట్రీ మళ్లీ ఎదురైతే పాతదానిమీదే రాస్తుంది. వరుస తప్పితే మాత్రం, మీరు ఆ తర్వాత దిద్దిన ఎంట్రీ మీద పాత రూపం వచ్చి కూర్చుంటుంది.

లాగ్‌లకు ఒక పరిమితి ఉంది. అవి లావాదేవీలను మాత్రమే రాసుకుంటాయి. మధ్యకాలంలో మీరు కొత్తగా తెరిచిన ఖాతా, మార్చిన షెడ్యూల్ (నిర్ణీత తేదీల్లో వాటంతట అవే పడే ఎంట్రీల ఏర్పాటు), నమోదు చేసిన మ్యూచువల్ ఫండ్ ధర వాటిలో ఉండవు. ఏప్రిల్‌లో బంగారు రుణానికి కొత్త ఖాతా తెరిచి అందులో ఎంట్రీలు రాశారనుకుంటే, ఫిబ్రవరి కాపీ మీద లాగ్‌లు రీప్లే చేసినప్పుడు ఆ ఎంట్రీల్లో సగం దిక్కులేక తిరుగుతుంది. అదే పేరుతో ఖాతా ముందే తెరిచినా లాభం లేదు, ఎందుకంటే ఫైలు ఖాతాను గుర్తుపట్టేది పేరుతో కాదు, 32 అక్షరాల గుర్తింపు సంఖ్యతో. అలాంటి ఎంట్రీలను లాగ్‌లో చూసి చేత్తో రాసుకోవడమే మార్గం.

ఫిబ్రవరి కాపీ గురించి మరో మాట. ఆ పాత ల్యాప్‌టాప్‌లో పాత వెర్షన్ గ్నూక్యాష్ ఉంటే ఫైలును అక్కడే తెరిచి సేవ్ చేయకండి. కాపీ తెచ్చుకుని కొత్త వెర్షన్‌లో తెరవండి. పాత ఫైళ్లను కొత్త వెర్షన్ చదువుతుంది గానీ, కొత్త వెర్షన్‌లో సేవ్ చేసినదాన్ని బాగా పాత వెర్షన్ చదువుతుందన్న భరోసా లేదు. రెండు కంప్యూటర్లలోనూ ఒకే వెర్షన్ ఉంచుకోవడం మేలు.

బ్యాకప్‌లేవీ పనికిరాక, లాగ్‌లు కూడా అరకొరగా ఉండి, పాడైన ఫైలులో పిచ్చి గుర్తులైనా ఉన్నాయంటే అప్పుడు కత్తిరింపు పని చేయాలి. ‘పని’ ఫోల్డరులోని కాపీ పేరు చివర జీజెడ్ అని చేర్చి సెవెన్-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో విప్పండి. సమాచారం అర్ధంతరంగా ముగిసిందని అది ఫిర్యాదు చేస్తుంది. చేసినా, తెగినచోటు వరకు ఉన్న భాగం బయటికి వచ్చిందేమో చూడండి. లైనక్స్ ఉన్న కంప్యూటరైతే జెడ్‌క్యాట్ అనే ఆదేశంతో ఇదే పని మరింత నమ్మకంగా జరుగుతుంది. విప్పిన ఫైలు ఎక్స్‌ఎంఎల్ పాఠం, అంటే ప్రతి సమాచారాన్నీ తెరిచే, మూసే ట్యాగులనే గుర్తుల మధ్య రాసే పద్ధతి, కంటితో చదవవచ్చు. మొదట్లో పుస్తకం వివరాలు, ఆ తర్వాత ‘కౌంట్-డేటా’ అనే వరుసలు వస్తాయి. ఖాతాలెన్ని, లావాదేవీలెన్ని అన్నది సేవ్ చేసేటప్పుడే సాఫ్ట్‌వేర్ అక్కడ రాసి పెడుతుంది. ఈ వరుసలు మీకు చాలా విలువైనవి. లావాదేవీల సంఖ్య 6,214 అని ఉందనుకోండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో వెతికే పెట్టెలో లావాదేవీ ముగింపు ట్యాగ్‌ను పెట్టి ‘కౌంట్’ నొక్కితే 5,980 వచ్చిందంటే, పోయినవి 234 అని మరమ్మతుకు ముందే తెలిసిపోతుంది. షెడ్యూల్డ్ లావాదేవీల నమూనాలు కూడా ఇదే ట్యాగ్ వాడతాయి, కానీ అవి అసలు లావాదేవీల తర్వాత వస్తాయి కాబట్టి మధ్యలో తెగిన ఫైలులో సాధారణంగా అడ్డురావు.

తెగిన ఫైలు చివరికి వెళ్తే సగం రాసిన ఎంట్రీ వేలాడుతూ కనిపిస్తుంది. తెలుగు అక్షరం ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది కనుక ‘కందిపప్పు’ అన్న మాట మధ్యలో అక్షరమే చీలి ఉండవచ్చు, చదవలేని గుర్తు ఒకటి అక్కడ ఉంటుంది. అక్కడినుంచి పైకి జరిగి, పూర్తిగా ముగిసిన చివరి లావాదేవీ ముగింపు ట్యాగ్ దొరికినచోట ఆగండి. దాని కింద ఉన్నదంతా తీసేసి, పుస్తకాన్ని మూసే ట్యాగ్‌ను, ఆ తర్వాత మొత్తం ఫైలును మూసే ట్యాగ్‌ను చేర్చండి. వీటి తెరిచే రూపాలు ఫైలు మొదటి వరుసల్లోనే ఉంటాయి, వాటిని చూసి మూసే రూపం రాయడమే. ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 గానే ఉంచి సేవ్ చేసి గ్నూక్యాష్‌లో తెరవండి. కుదించని ఫైలును కూడా అది చదువుతుంది. పోయినవన్నీ ఇటీవలి ఎంట్రీలేనని మాత్రం అనుకోవద్దు. ఫైలులో లావాదేవీలు తేదీల వరుసలో ఉండాలన్న నియమం లేదు, కాబట్టి 2016 నాటి ఎంట్రీలు పోయి నిన్నటివి మిగిలి ఉండవచ్చు. షెడ్యూల్డ్ లావాదేవీలు, బడ్జెట్లు ఫైలు చివరి భాగంలో ఉంటాయి కనుక అవి పోయినట్టే లెక్క.

ఒక చిన్న విషయం, చూసి కంగారు పడతారని చెబుతున్నాను. కొత్త వెర్షన్ల ఫైళ్లలో ప్రతి లావాదేవీ తేదీ పక్కన 10:59:00 అన్న సమయం ఉంటుంది. అది పాడైన గుర్తు కాదు. దేశాల సమయభేదాల వల్ల తేదీ మారిపోకుండా సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న సమయం అది.

ఏ దారిలో తెరుచుకున్నా, తర్వాత ‘యాక్షన్స్’ మెనూలోని ‘చెక్ అండ్ రిపేర్’‌ను అన్ని ఖాతాలకూ నడపండి. పేరులో రిపేర్ ఉన్నా దానినుంచి ఎంత ఆశించాలో తెలిసి ఉండాలి. జంట పద్దు విధానంలో ప్రతి లావాదేవీలో వచ్చినదీ పోయినదీ సమానం కావాలి. ఒక పక్క పోయిన ఎంట్రీ దొరికితే ఈ సాధనం ఆ తేడాను ‘ఇంబ్యాలెన్స్-ఐఎన్‌ఆర్’ అనే ఖాతాలో వేస్తుంది, ఖాతా దొరకని ముక్కను ‘ఆర్ఫన్-ఐఎన్‌ఆర్’‌లో వేస్తుంది. పుస్తకం లోపల పొందికగా ఉండేలా చేస్తుందే తప్ప, ఆ డబ్బు నిజంగా ఎక్కడికి పోయిందో దానికి తెలియదు. మొత్తానికి మొత్తం పోయిన లావాదేవీని అసలే పట్టుకోలేదు, ఎందుకంటే రెండు పక్కలూ లేనిచోట తేడా ఉండదు. ఈ రెండు ఖాతాలూ అందవికారంగా ఉన్నాయని ఒక్క సర్దుబాటు ఎంట్రీతో సున్నా చేయడం పెద్ద పొరపాటు. అవి మీరు చూడవలసిన చోట్ల జాబితా, ఒక్కొక్కటీ విడదీసి సరైన ఖాతాకు పంపితే వాటంతట అవే ఖాళీ అవుతాయి.

అసలు పరీక్ష పాస్‌బుక్కులతో. ప్రతి బ్యాంకు ఖాతాకూ ఏటా మార్చి 31 నాటి నిల్వను పుస్తకంలోనూ స్టేట్‌మెంటులోనూ పక్కపక్కన పెట్టి చూడండి. అన్ని నెలలూ చూడనవసరం లేదు. 2018 మార్చికి కుదిరి 2024 మార్చికి కుదరకపోతే మధ్యలోని 2021 చూడండి. అక్కడ కుదిరితే తేడా ఆ తర్వాతిది, కుదరకపోతే అంతకుముందుది. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే పన్నెండేళ్ల పుస్తకంలో కూడా తేడా మొదలైన నెల త్వరగానే దొరుకుతుంది. ఒకటికంటే ఎక్కువ తేడాలుంటే మొదటిది సరిచేశాక మళ్లీ మొదలుపెట్టాలి. మీరు క్రమంగా రికన్సైల్ చేసే (స్టేట్‌మెంటుతో సరిచూసి గుర్తుపెట్టే) అలవాటున్నవారైతే రిజిస్టరులో ‘వై’ అన్న గుర్తు ఉన్న ఎంట్రీలు ఒకప్పుడు స్టేట్‌మెంటుతో సరిపోయినవే. రికన్సైల్ కిటికీ తెరిచినప్పుడు ప్రారంభ నిల్వ పాత స్టేట్‌మెంటు ముగింపు నిల్వతో కలవకపోతే, అలా సరిపోయిన ఎంట్రీల్లోనే ఏదో పోయిందని అక్కడికక్కడే తెలుస్తుంది.

మన ప్రాంతంలో ఇక్కడ వచ్చే ఒక చిక్కు బ్యాంకుల విలీనాలు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోనూ, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోనూ 2020 ఏప్రిల్ 1న కలిశాయి. పల్లెల్లోని ఖాతాలైతే మరీను: మీ జిల్లాలోని శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో భాగమైంది, అది 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. మీ నాన్నగారి శెనక్కాయల డబ్బు పడే ఖాతా ఇలా పేర్లు మారినదే అయి ఉండవచ్చు. విలీనం నాడు కొందరు పుస్తకంలో పాత ఖాతా పేరు మార్చి ఊరుకుంటారు, కొందరు కొత్త పేరుతో ఖాతా తెరిచి నిల్వను బదిలీ చేస్తారు. మీరు రెండో పద్ధతి పాటించి ఉంటే, ఆ ఒక్క బదిలీ ఎంట్రీ పోయినా పాత ఖాతాలో లేని డబ్బు ఉన్నట్టూ, కొత్త ఖాతా అంత లోటులో ఉన్నట్టూ కనిపిస్తుంది. తేడా మొత్తం విలీనం నాటి నిల్వకు సమానమైతే ముందు ఆ ఎంట్రీనే వెతకండి.

మ్యూచువల్ ఫండ్లుంటే, ఫండ్ల రికార్డులు నిర్వహించే క్యామ్స్, కేఫిన్‌టెక్ సంస్థలు ఇచ్చే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంటును మొదటినుంచి ఇప్పటివరకు వివరంగా తెప్పించుకుంటే కొన్న తేదీ, యూనిట్లు, ధర అన్నీ ఒకేచోట దొరుకుతాయి. వాటి ప్రకారం యూనిట్ల నిల్వ సరిచూసుకోండి, అమ్మినప్పుడు పన్ను లెక్కకు కొన్న ధర కావాలి. వడ్డీలు, డివిడెండ్లు ఆదాయపు పన్ను పోర్టల్‌లోని వార్షిక సమాచార నివేదికలో ఉంటాయి. జేబులోని నగదు ఖాతాకు మాత్రం బయటి ఆధారం ఏదీ ఉండదు. దాని కోసం గంటలు ఖర్చుపెట్టకుండా, ఇవాళ ఇంట్లో ఉన్న నగదు లెక్కపెట్టి ఒక్క సర్దుబాటు ఎంట్రీ రాసి ముందుకు సాగండి. పన్నెండేళ్ల పాల చిల్లరను ఎవరూ తిరిగి లెక్కపెట్టలేరు.

ఇక మీ రెండో ప్రశ్న. పాడైన పుస్తకాన్ని వేరే సాఫ్ట్‌వేర్‌లోకి తరలించవద్దు. తరలింపులో లోపాలు కూడా కొత్త పుస్తకంలోకి వస్తాయి, పైగా అక్కడికి వెళ్లాక ఏది పాత దెబ్బ, ఏది తరలింపులో జరిగిన పొరపాటు అన్నది విడదీయలేరు. గ్నూక్యాష్ లావాదేవీలను సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) రూపంలో బయటికి ఇస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు అడిగే క్విఫ్ రూపాన్ని దిగుమతి చేసుకుంటుంది గానీ ఆ రూపంలో ఎగుమతి చేయదు. సీఎస్‌వీని ఎక్సెల్‌లో నేరుగా రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగు వివరణలు పిచ్చి అక్షరాలుగా మారవచ్చు, ఆ స్థితిలో సేవ్ చేస్తే అవి శాశ్వతంగా పోయినట్టే. తేదీల్లో రోజూ నెలా తారుమారు కావడం మరో గండం: 5వ తేదీ నవంబరు కాస్తా 11వ తేదీ మే అవుతుంది, 12 దాటిన రోజులు మాత్రం మారవు కాబట్టి పైపైన చూస్తే తెలియదు. లిబ్రేఆఫీస్ క్యాల్క్‌లో తెరిస్తే ఎన్‌కోడింగ్, తేదీ క్రమం ముందే అడుగుతుంది, ఆ పని దానిలోనే చేయండి.

ట్యాలీ వ్యాపారులకు మంచిది. జీఎస్‌టీ, సరుకు నిల్వ, బిల్లులు అవసరమైన దుకాణానికి దానిని మించినది మన ఊళ్లలో లేదు. జీతం, బాడుగ, చీటీ, పిల్లల ఫీజులు ఉన్న ఇంటి లెక్కకు దాని అవసరమూ లేదు, లైసెన్సు ఖర్చూ దండగ. ఎక్సెల్‌లో అయితే జంట పద్దు లేదు, ఒక గడిలో అంకె చెరిగిపోయినా అడిగేవారుండరు. గ్నూక్యాష్‌లోనే ఉండమని నేను చెప్పడానికి అసలు కారణం మరొకటి. మైక్రోసాఫ్ట్ మనీ అనే సాఫ్ట్‌వేర్ అమ్మకాలు 2009 జూన్‌తో ఆగిపోయాయి. అందులో రాసుకున్నవారి ఫైళ్లు ఆ సాఫ్ట్‌వేర్‌కు తప్ప సులువుగా చదవరానివి. మీ ఫైలును ఇవాళ నోట్‌ప్యాడ్‌తో కత్తిరించి బాగుచేసుకోగలుగుతున్నారంటే అది బహిరంగమైన పాఠ రూపంలో ఉండటం వల్లే. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ రూపంలోకి మార్చుకోమని కూడా కొందరు సలహా ఇస్తారు. అందులో ప్రతి ఎంట్రీ వెంటనే నమోదవుతుంది, నిజమే. కానీ ఎక్స్‌ఎంఎల్‌లో వచ్చే సమయం ముద్ర బ్యాకప్‌లు ఉండవు. మీలా ఒక్కరే వాడే పుస్తకానికి ఎక్స్‌ఎంఎల్ చాలని నా అభిప్రాయం.

మార్పు కావాలనే అనిపిస్తే ఇలా చేయండి. సరిచూసిన పాత పుస్తకాన్ని గత మార్చి 31తో ఆపి, చదవడానికి మాత్రమే ఉంచుకోండి. ఏప్రిల్ 1 నుంచి కొత్త పుస్తకం తెరిచి, స్టేట్‌మెంట్ల ప్రకారం ప్రారంభ నిల్వలు వేసి, ఏప్రిల్ నుంచి ఎంట్రీలు లాగ్‌లు చూసి రాసుకోండి. కత్తిరింపు దాకా వెళ్లి వందల ఎంట్రీలు పోయాయని తేలితే, పన్నెండేళ్లను పునర్నిర్మించడం కంటే ఇదే తెలివైన పని. అప్పులు, ఫండ్లు, పొలం మీద పెట్టుబడి వంటి వాటికి మాత్రం పాత చరిత్ర అవసరం కనుక వాటి వివరాలు ముద్రించి కాగితాల ఫైలులో పెట్టుకోండి.

ఇకమీదట ఫైలు హార్డ్‌డిస్కులో ఉండాలి, పెన్‌డ్రైవ్ కాపీకి మాత్రమే. రెండు కంప్యూటర్లలో వాడక తప్పదంటే, ఒకదానిలో పూర్తిగా మూసి, డ్రైవ్‌ను ‘ఎజెక్ట్’ చేశాకే రెండోదానిలో తెరవండి. డెస్క్‌టాప్‌కు చిన్న యూపీఎస్ ఉంటే మేలు. గ్నూక్యాష్ ఫైలుకు పాస్‌వర్డ్ రక్షణ లేదు, పెన్‌డ్రైవ్ ఎక్కడైనా పడిపోతే దొరికినవారు మీ నిల్వలన్నీ చదవగలరు. కాపీలను సెవెన్-జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టి దాచండి.

తిరిగి రాసేటప్పుడు నాలుగు సంగతులు తెలపండి: పాడైన ఫైలు పరిమాణం ఎంత, చివరిగా బాగా తెరిచిన బ్యాకప్ పేరులోని అంకెలు ఏమిటి, ఆ తర్వాతి లాగ్‌లు ఎన్ని మిగిలాయి, ‘అబౌట్’‌లో గ్నూక్యాష్ వెర్షన్ ఏమని ఉంది. ఫైలును మాత్రం నాకూ పంపవద్దు, ఇంటర్నెట్‌లో ఉచితంగా బాగుచేస్తామనే సైట్లలోనూ ఎక్కించవద్దు. అందులో మీ ఖాతా నంబర్లు, ఎవరికి ఎంత ఇచ్చారన్నది అంతా ఉంటుంది. ఎక్స్‌ఎంఎల్‌లో చిక్కినచోటు చూపించాలంటే, తెగిన చివరి ఇరవై వరుసలను పేర్లు, మొత్తాలు తీసేసి రాయండి, అది చాలు.